తాడులో ముడులు: హీత్ రాబిన్సన్ అసలు బొమ్మల సేకరణ

కొండను తవ్వి ఎలుకను పట్టడం అనే సామెతకు బొమ్మ గీయమంటే ఇంగ్లీషు హాస్య చిత్రకారుడు విలియం హీత్ రాబిన్సన్‌ను మించినవాళ్లు దొరకరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో తిండికి కటకటగా ఉన్నప్పుడు ఆయన ఒక చీజ్ కార్ఖానాను గీశారు. గ్లోస్టర్ చీజ్‌కు గ్రూయేర్ చీజ్‌లా బొక్కలు పెట్టి, ఉన్నదాన్ని రెండింతలు చేసే ఉపాయం అది. ఎంత సరంజామా! ఎంత హడావుడి! అందులో పనిచేసేవాళ్ల ముఖాల్లో మాత్రం నవ్వు ఉండదు. పొట్టలూ బట్టతలలూ ఉన్న ఆ పెద్దమనుషులు బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్నంత గంభీరంగా తమ పని తాము చేసుకుపోతుంటారు. చూసేవాళ్లకు నవ్వు వచ్చేది అక్కడే.

ఆయన గీసే వింత యంత్రాల్లో ఎక్కడ చూసినా తాడే. తెగితే ముడేసిన తాడు, పొడవు చాలక ఇంకో ముక్క కలిపిన తాడు. పత్రికలో అచ్చయినప్పుడు ఆ ముడులు అచ్చు చుక్కల్లో కలిసిపోయి మసకగా కనబడతాయి. ఆయన చేత్తో గీసిన అసలు కాగితం మీద ప్రతి ముడీ విడివిడిగా కనిపిస్తుంది. దాని కింద పెన్సిల్ గీత, పక్కన మనసు మార్చుకుని తెల్ల రంగుతో కప్పేసిన ఇంకో గీత కూడా ఉంటాయి. అచ్చు పేజీ కొన్ని పౌండ్లకే దొరుకుతున్నా కొందరు అసలు బొమ్మకు వేల పౌండ్లు పెట్టడానికి కారణం ఈ తేడానే. ఈ తేడా కంటికి పట్టని వాళ్లు ఆ డబ్బు ఇంకో దానికి ఖర్చు పెట్టుకోవడమే మేలు.

రాబిన్సన్ 1872లో ఉత్తర లండన్‌లో బొమ్మలు వేసేవాళ్ల ఇంట్లోనే పుట్టారు. తండ్రి పత్రికలకు బొమ్మలు వేసేవారు. అన్నలు థామస్, చార్లెస్ ఇద్దరూ పుస్తకాలకు బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నారు. విలియం మాత్రం ప్రకృతి దృశ్యాలు చిత్రించే పెయింటర్ కావాలనుకున్నారు. రాయల్ అకాడమీ పాఠశాలలో చదువు ముగించాక హాంప్‌స్టెడ్ హీత్ ప్రాంతంలో దృశ్యాలు వేసి ఒక డీలర్‌కు చూపిస్తే, ఆయన వేరే పని చూసుకోమని సలహా ఇచ్చాడట. దాంతో అన్నల దారిలోనే పుస్తకాల పనికి వచ్చారు. 1902లో 'అంకుల్ లూబిన్' అనే పిల్లల పుస్తకానికి కథ, బొమ్మలు రెండూ తానే సమకూర్చారు. తర్వాత వచ్చిన యంత్రాలన్నిటికీ మొలక అందులో ఉంది.

నవ్వు బొమ్మల వైపు ఆయన్ని నెట్టింది ఒక దివాలా. ప్రచురణకర్త గ్రాంట్ రిచర్డ్స్ కోసం ఆయన ఫ్రెంచి రచయిత రాబ్లే రచనలకు పెద్ద సంఖ్యలో బొమ్మలు వేశారు. 1904లో పుస్తకం వచ్చింది గానీ ప్రచురణ సంస్థ మునిగిపోవడంతో డబ్బు రాలేదు. పెళ్లయి ఏడాది తిరిగింది, ఇల్లు గడవాలి. వారపత్రికలు డబ్బు వెంటనే ఇస్తాయి. 'స్కెచ్', 'టాట్లర్', 'బైస్టాండర్' పత్రికలకు హాస్య చిత్రాలు వేయడం అలా మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయన పేరు ఇంటింటా తెలుసు. అతుకులబొంతలాంటి యంత్రం ఏది కనబడినా ఇంగ్లీషువాళ్లు 'హీత్ రాబిన్సన్' అనేయడం ఆ కాలంలోనే అలవాటైంది, నిఘంటువుల్లోకీ ఎక్కింది. ఒక చిత్రకారుడి పేరు విశేషణంగా మారడం ఎలా ఉంటుందో 'బాపు బొమ్మ' అనే మాట పుట్టించుకున్న తెలుగువాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు. మనం అందానికి వాడుకున్నాం, వాళ్లు అవకతవకకు వాడుకున్నారు, అంతే తేడా.

ఈ పేరు ఎంత దూరం వెళ్లిందంటే, 1943లో బ్రిటన్ గూఢలిపి కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల రహస్య సందేశాలు విప్పడానికి తయారైన ఒక యంత్రానికి కూడా అదే పేరు పెట్టారు. రెండు కాగితపు టేపులు చక్రాల మీద గిర్రున తిరిగే ఆ అమరికను చూస్తే ఇంకో పేరు తోచదు. దాని తర్వాత వచ్చిందే కొలొసస్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్. ఆ సంగతులు 1970ల దాకా బయటి ప్రపంచానికి తెలియలేదు. రాబిన్సన్ 1944 సెప్టెంబరులో కన్నుమూశారు.

ఇదంతా సేకరణకు ఎందుకు పనికొస్తుందంటే, మార్కెట్లో ఉన్నది ఒక్క హీత్ రాబిన్సన్ కాదు, ఒకే మనిషిలో ఐదుగురు. పుస్తకాలకు నల్ల సిరాతో సన్నని గీతలు గీసిన యువకుడు ఒకరు. 1914లో షేక్‌స్పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'కు రాత్రిపూట అడవిని నలుపు తెలుపుల్లో పరిచిన కళాకారుడు ఇంకొకరు. పత్రికలకు నీళ్లు కలిపి పలచగా పూసే బూడిద రంగు వాష్‌లో యంత్రాలు వేసిన హాస్యగాడు మూడోవారు. కంపెనీల ప్రకటనలకు బొమ్మలు వేసి బతుకు సాగించిన మనిషి నాలుగోవారు. ఎవరూ అడగకపోయినా తన కోసం నీటిరంగుల్లో దృశ్యాలు వేసుకున్న వ్యక్తి మరొకరు. గిరాకీ అంతా మూడోవారి చుట్టూ ఉంటుంది. పేరు చెప్పగానే గుర్తొచ్చే తాళ్లూ కప్పీలూ ఉన్న పెద్ద బొమ్మ వేలానికి వస్తే పోటీ గట్టిగా ఉంటుంది. అదే చేతితో వేసిన ప్రశాంతమైన నీటిరంగు దృశ్యానికి ఆ ఊపు రాదు. ఇది న్యాయం కాదనిపిస్తుంది. కొండ వాలును, చెట్ల గుంపును అంత ఓపికగా చూడటం నేర్చుకున్న చెయ్యి కాబట్టే, పనికిరాని యంత్రాన్ని కూడా నిజంగా నడుస్తుందేమో అనిపించేలా గీయగలిగింది. బరువు ఎక్కడ పడుతుందో, తాడు ఎటు లాగుతుందో ఆయన బొమ్మల్లో ఎప్పుడూ తేడా రాదు.

మామూలు జేబుకు అందుబాటులో ఉండేవి పుస్తకాల లోపలి చిన్న గీతల బొమ్మలు. 1936లో హాస్య రచయిత కె. ఆర్. జి. బ్రౌన్‌తో కలిసి చేసిన 'ఫ్లాట్‌లో కాపురం ఎలా' అనే పుస్తకంతో ఒక వరుస మొదలైంది. తర్వాత మంచి భర్తగా ఉండటం ఎలా, తోట పెంచడం ఎలా, కారు నడపడం ఎలా అని ఏటా ఒకటి వచ్చింది. ఇరుకు ఫ్లాట్‌లో చోటు కలిసొచ్చేలా చేసే ఉపాయాలు ఆ మొదటి పుస్తకంలో ఉంటాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు తొంభై ఏళ్ల తర్వాత కూడా అవి పాతబడినట్టు అనిపించవు. ఒక్కో పుస్తకానికి ఆయన బొమ్మలు పెద్ద సంఖ్యలో వేశారు కాబట్టి ఈ వరుస నుంచి అసలువి అప్పుడప్పుడూ బయటికి వస్తుంటాయి. 1935లో గ్రేట్ వెస్ట్రన్ రైల్వే తన నూరేళ్ల పండుగకు వేయించిన 'రైల్వే రిబాల్డ్రీ' పుస్తకం బొమ్మలకు మాత్రం ఇద్దరు పోటీదారులు ఉంటారు. బొమ్మల సేకర్తలు ఒక పక్క, రైలు పిచ్చివాళ్లు ఇంకో పక్క. రెండో జట్టుతో పోటీపడి వేలం పాట పెంచడం కష్టం.

ఇక అసలుదేదో, కానిదేదో చూడాలి. ఎక్కువమంది మోసపోయేది దొంగ బొమ్మల వల్ల కాదు, మాటల వల్ల. 'ఒరిజినల్ 1920 ప్రింట్' అని రాసి ఉంటే అది 1920 నాటి పత్రికలోంచి చింపిన పేజీ. అబద్ధమేమీ లేదు, కానీ అది ఆయన చెయ్యి తాకిన కాగితం కాదు. మంచి ఫ్రేమ్ కట్టి గాజు వెనక పెడితే కొత్తవాళ్లకు తేడా తెలియదు. భూతద్దం తెచ్చుకుంటే సగం గొడవ తీరిపోతుంది. బూడిద రంగు ఛాయలున్న బొమ్మను ఆ రోజుల్లో హాఫ్‌టోన్ బ్లాకు (ఛాయలను చుక్కలుగా మార్చే లోహపు అచ్చు పలక) చేసి అచ్చువేసేవారు. దగ్గరగా చూస్తే ఛాయ అంతా చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. అసలు బొమ్మలో చుక్కలు ఉండవు, బ్రష్ నీరు ఆరిన అంచులు కనబడతాయి.

గీతల బొమ్మతో కొంచెం చిక్కుంది. దాన్ని గీతలను మాత్రమే దించే లైన్ బ్లాకుతో అచ్చువేస్తారు కాబట్టి చుక్కలు ఉండవు. అక్కడ చూడాల్సింది సిరా. కలంతో గీసిన గీత ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా ఉంటుంది. పెద్ద నల్లటి భాగం నింపినచోట బ్రష్ దారులు తెలుస్తాయి. అచ్చు సిరా అంతటా ఒకే నలుపు. అసలు బొమ్మలో చెరిపినా పోని పెన్సిల్ జాడలు, బ్లేడుతో గీకిన చోట లేచిన కాగితపు నూగు, దిద్దుబాటుకు పూసిన తెల్ల రంగు కనిపిస్తాయి. ఆ తెల్ల రంగును లోపం అనుకుని బేరం ఆడేవాళ్లు ఉన్నారు. బ్లాకు తీసే కెమెరాకు తెల్ల రంగూ తెల్ల కాగితమూ ఒకటే కనుక, పత్రికలకు పనిచేసే వాళ్లందరూ ధైర్యంగా అలా దిద్దేవారు. నిజానికి అసలుదని నమ్మడానికి దాన్ని మించిన గుర్తు లేదు.

కొలత కూడా చాలా చెబుతుంది. అచ్చుకు వెళ్లే బొమ్మను పేజీ కన్నా పెద్దగా వేయడం, బ్లాకు చేసేటప్పుడు తగ్గించడం వృత్తిలో మామూలు. కాబట్టి ఎవరైనా అచ్చు పేజీ మీద కాగితం పెట్టి దిద్దుకున్న నకలు అయితే అది సరిగ్గా అచ్చు కొలతలోనే తేలుతుంది. 'స్కెచ్' లాంటి పత్రికల పాత సంచికలు ఇప్పుడు డిజిటల్ రూపంలో ఉన్నాయి. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో చందా కట్టి, విజయవాడలో కూర్చునే అచ్చు బొమ్మను తెరిచి గీత గీతా పోల్చుకోవచ్చు. అచ్చులో ఉన్నది మక్కికి మక్కి ఉండి, అచ్చులో లేనిదేమీ కాగితం మీద లేకపోతే అనుమానించాలి. అసలు బొమ్మకు అంచుల్లోనో వెనకో అచ్చుకు వెళ్లని రాతలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి: చేత్తో రాసిన శీర్షిక, ఎంత వెడల్పుకు తగ్గించాలో బ్లాకు చేసేవాళ్లకు రాసిన సూచన, పత్రిక ముద్ర, నీలం పెన్సిల్ గీత. అందుకే ఫ్రేమ్ వెనక ఏముందో చూపించడానికి వెనకాడే అమ్మకందారుతో పని పెట్టుకోకూడదు.

సంతకం దగ్గర ఇంకో మెలిక ఉంది. పెద్దన్న థామస్ పేరులోనూ 'హీత్' ఉంది. 1899లో డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కథల పుస్తకానికి ముగ్గురు అన్నదమ్ములూ కలిసి బొమ్మలు వేశారు. 1913లో అదే ఆండర్సన్ కథలకు విలియం ఒక్కరే మళ్లీ వేశారు. జాబితాలో 'హీత్ రాబిన్సన్, ఆండర్సన్ కథలు' అని మాత్రమే ఉంటే ఏ పుస్తకమో, ఏ అన్నదమ్ముడో అడిగి తీరాలి. థామస్, చార్లెస్ తక్కువవాళ్లేమీ కాదు. కానీ పేరును బట్టి ధర మారిపోయే చోట ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదు.

బొమ్మ ఎవరి చేతులు మారి వచ్చిందన్నది మరో కథ. ఆ కాలంలో పత్రిక కొనేది చాలాసార్లు అచ్చు హక్కును మాత్రమే. కాగితం తిరిగి చిత్రకారుడికి వచ్చేది, లేదా ఆఫీసు బీరువాలో ఉండిపోయేది, లేదా ఆ బొమ్మ నచ్చిన పాఠకుడు రాసి అడిగి కొనుక్కునేవాడు. ప్రకటనల కోసం వేసినవి కంపెనీ గోడలెక్కేవి. రాబిన్సన్ కుటుంబం దగ్గర మిగిలినవాటిలో చాలా భాగం ఆయన పేరిట ఏర్పడిన ట్రస్టుకు చేరాయి. ఆయన 1908 నుంచి కొన్నేళ్లు కాపురమున్న లండన్ శివారు పిన్నర్‌లో, మెమోరియల్ పార్క్ లోపల, 2016 అక్టోబరులో హీత్ రాబిన్సన్ మ్యూజియం తెరిచారు. మ్యూజియం చేతికి వెళ్లిన బొమ్మ మళ్లీ అమ్మకానికి రాదు. కనుక బయట తిరిగేవి తగ్గుతూ వస్తాయి. సేకర్తకు అది నష్టమే. మరోవైపు, పోల్చి చూసుకోవడానికి అనుమానం లేని బొమ్మలు వందల కొద్దీ ఒకచోట ఉండటం కొనేవాళ్లకు చిన్న సాయం కాదు. కొనేముందు పిన్నర్ వెళ్లి ఒక పూట ఆ గోడల ముందు నిలబడితే పది కేటలాగులు చదివినదాని కన్నా ఎక్కువ తెలుస్తుంది. లండన్ మెట్రో రైలు మెట్రోపాలిటన్ లైన్‌లో దిగి నడిచిపోయేంత దూరం. పిన్నర్ ఉన్న హారో బరోలో (లండన్ నగర పాలనా విభాగాల్లో ఒకటి) భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక, లండన్‌లో చుట్టాలింటికి వెళ్లే తెలుగువాళ్లలో కొందరికి అది పక్కవీధి కిందే లెక్క.

కొనే దారులు రెండు. ఒకటి డీలర్. లండన్ సెయింట్ జేమ్స్ ప్రాంతంలోని క్రిస్ బీటిల్స్ గ్యాలరీ బ్రిటిష్ ఇలస్ట్రేటర్ల బొమ్మలకు పేరుపొందింది. అక్కడ రాబిన్సన్ బొమ్మలు తరచూ కనిపిస్తాయి. డీలర్ దగ్గర ధర ఎక్కువ, బెంగ తక్కువ. రెండోది వేలం. వేలంలో పాట ఆగిన ధరే చివరి ధర అనుకుంటే దెబ్బతింటారు. దాని మీద కొనేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము పాతిక శాతం దాకా, పెద్ద సంస్థల్లో అంతకు మించి కూడా ఉంటుంది. దాని మీద పన్ను, ఆపైన ప్యాకింగు, బీమా, రవాణా, ఇండియాకు తెస్తే కస్టమ్స్. వెయ్యి పౌండ్లకు పాడిన బొమ్మ ఇల్లు చేరేసరికి వెయ్యిన్నర అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పాట పెట్టేముందే ఈ లెక్క కాగితం మీద వేసుకోకపోతే తర్వాత టెన్షన్ పడాల్సి వస్తుంది.

హక్కుల విషయంలో మాత్రం రాబిన్సన్ దగ్గర చిక్కుల్లేవు. బ్రిటన్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన సంవత్సరం తర్వాత 70 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆయన విషయంలో అది 2014 చివరితో ముగిసింది. మన దేశంలో ఆ గడువు 60 ఏళ్లే కనుక పదేళ్ల ముందే తీరిపోయింది. బొమ్మ తిరిగి అమ్ముడైనప్పుడు వారసులకు కొంత శాతం చెల్లించే నియమం బ్రిటన్‌లో 2006లో వచ్చింది. పోయిన చిత్రకారుల వారసులకు అది వర్తించింది 2012 నుంచి. అంటే రాబిన్సన్ విషయంలో ఆ నియమం నడిచింది మూడేళ్లే. ఆయన తర్వాతి తరం వాళ్లతో ఇలా కుదరదు. 1995లో పోయిన కార్ల్ జైల్స్, 2011లో పోయిన రోనాల్డ్ సర్ల్ అనే బ్రిటిష్ కార్టూనిస్టుల బొమ్మలకు ఇంకా దశాబ్దాల పాటు ఆ లెక్కలు ఉంటాయి.

కాపీరైట్ పోవడంతో ఇంకోటి జరిగింది. ఆయన బొమ్మలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. కప్పుల మీద, సంచుల మీద, కావలసిన సైజులో పోస్టర్ల మీద వేసి అమ్ముతున్నారు. బొమ్మ చూసి నవ్వుకోవడానికి ఇక డబ్బు అక్కర్లేదు. అసలు కాగితానికి ఇచ్చే డబ్బు పూర్తిగా దాని మీద పడ్డ చేతి కోసమే ఇస్తున్నట్టు లెక్క. అలాంటప్పుడు, శుభ్రం చేసి దిద్దుబాట్లన్నీ మాయం చేసిన బొమ్మ కన్నా అంచుల్లో రాతలూ మరకలూ ఉన్న బొమ్మకే విలువ ఎక్కువ ఉండాలి. మార్కెట్ ఎప్పుడూ అలా ఆలోచించదు. గదిలో వేలాడదీసుకోవడానికి నీటుగా ఉండాలనే కొనుగోలుదార్లు ఎక్కువ. పాత ఫ్రేమ్ కట్టినవాళ్లు అంచులు కత్తిరించేసిన బొమ్మలు దొరుకుతూనే ఉంటాయి. ఆ కత్తిరింపులో ఆయన స్వయంగా రాసిన శీర్షిక పోయి ఉంటే ధర అడిగేటప్పుడు అది గుర్తుచేయాలి.

తెచ్చుకున్నాక కాపాడుకోవడం మన వాతావరణంలో ఇంకో ఎత్తు. ఆ రోజుల్లో చిత్రకారులు వాడిన బోర్డు పైన మంచి కాగితం, లోపల చౌక గుజ్జు అట్ట. ఆ అట్టలోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి పాకి కాగితాన్ని గోధుమ రంగుకు తిప్పుతుంది. పాత మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) తగిలినచోట కాలినట్టు చార పడుతుంది. నీటిరంగులు ఎండకు వెలిసిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో తేమకు బూజు చుక్కలు రావడానికి ఒక వర్షాకాలం చాలు. ఆమ్లం లేని మౌంట్, అతినీల లోహిత కిరణాలను ఆపే గాజు, బయటి గోడకు కాకుండా లోపలి గోడకు తగిలించడం, గాజుకూ కాగితానికీ మధ్య ఖాళీ వదలడం, ఇవి చేస్తే చాలావరకు నిలుస్తుంది. సెల్లోటేప్ అంటించి ఉంటే సొంతంగా పీకకూడదు. దాని జిగురుతో పాటు కాగితపు పొర లేచి వస్తుంది. అలాగే తెల్ల రంగు పూసిన చోట తడిగుడ్డ పెట్టకూడదు. అది కరిగిపోతే, ఆయన వద్దనుకుని కప్పేసిన పాత ముడి పైకి తేలుతుంది.